అక్కడ నల్లమచ్చ కనిపిస్తే: మీ ప్రశ్నలు, మా జవాబులు

స్త్రీ జననాంగాల్లో నల్లగానో, గోధుమరంగులోనో, నీలంగానో కనిపించే మచ్చల గురించి, గడ్డల గురించి ఉత్తరాలు బాగా వచ్చాయి. ఒకరిది పుట్టుమచ్చ భయం, ఒకరిది రిపోర్టులో అర్థంకాని మాట, ఇంకొకరిది అమ్మకు వచ్చిన జబ్బు దిగులు. స్త్రీ వైద్య నిపుణురాలు, ముక్కను మైక్రోస్కోపు కింద చూసి జబ్బు తేల్చే పాథాలజిస్టు కలిసి రాసిన జవాబులివి. అడిగినవాళ్ల పేర్లు, ఊళ్లు వేయడం లేదు.

ప్రశ్న: నా వయసు 42. మొన్న అద్దం పెట్టి చూసుకుంటే లోపలి చిన్న పెదవి మీద బొటనవేలి గోరంత నల్లటి మరక కనిపించింది. అంచులు వంకరటింకరగా ఉన్నాయి. ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా ఉంది. నొప్పి, దురద లేవు. అంచులు సరిగా లేకపోతే క్యాన్సరేనని చదివినప్పటి నుంచీ నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీరు చదివింది ఒంటి మీది చర్మానికి రాసిన సూత్రం. జననాంగాల దగ్గర అది తరచూ తప్పుతుంది. పరీక్షించి చూస్తే పది మంది స్త్రీలలో ఒకరికి అక్కడ ఏదో ఒక రంగు మచ్చ ఉంటుంది. వాటిలో ఎక్కువ భాగం మెలనోసిస్. అంటే పైపొర అడుగు వరుస కణాల్లో మెలనిన్ అనే రంగు ఎక్కువగా చేరడం. ఆ రంగును తయారుచేసే మెలనోసైట్లు మామూలుగానే ఉంటాయి, లేదా కాస్త పెరుగుతాయి. అది గడ్డ కాదు, క్యాన్సర్ అంతకన్నా కాదు. చిక్కంతా దాని రూపంతోనే. రెండు మూడు సెంటీమీటర్ల దాకా పాకుతుంది, అంచులు చెదిరి ఉంటాయి, నలుపూ గోధుమా కలగలిసి ఉంటాయి. కంటికి మాత్రం అచ్చం మెలనోమాలాగే, అంటే మెలనోసైట్ల నుంచి పుట్టే క్యాన్సర్‌లాగే కనిపిస్తుంది. అలవాటున్న డాక్టరు కూడా చూపుతోనే తేల్చి చెప్పకూడదు.

మీ ఉత్తరంలో మంచి సంగతులు రెండున్నాయి. ఒకటి మీ వయసు: ఈ భాగంలో మెలనోమా ఎక్కువగా అరవై దాటినవాళ్లలో వస్తుంది. రెండోది, మీరు మరక అన్నారు, గడ్డ అనలేదు. కళ్లు మూసుకుని వేలితో తడిమితే చుట్టూ ఉన్న పొరకీ దానికీ తేడా తెలియకపోతే అది చదునైన మచ్చ. చేతికి తగిలే బుడిపె, పుండు, రక్తపు చార, కొత్తగా మొదలైన దురద ఉంటే వారం కూడా ఆగకూడదు.

అయినా మీకు ఒకసారి ముక్క పరీక్ష, అంటే బయాప్సీ, చేయించుకోమనే చెబుతాం. ముందు మత్తు క్రీము రాస్తారు. లోపలి పలుచని పొర మీద అది పది నిమిషాల్లో పనిచేస్తుంది. తర్వాత సన్నసూదితో ఒకటి రెండు మిల్లీలీటర్ల లిగ్నోకైన్ మత్తుమందు ఎక్కించి, 4 మిల్లీమీటర్ల గుండ్రటి పంచ్‌తో పొర మొత్తం మందాన ముక్క తీస్తారు. మచ్చ పెద్దది, రంగులు రకరకాలు కాబట్టి రెండు మూడు చోట్ల తీయాలి. అందులో ఒకటి బాగా ముదురుగానో మందంగానో ఉన్న చోటు నుంచి తప్పకుండా ఉండాలి. కరిగిపోయే కుట్టు ఒకటి వేస్తే సరిపోతుంది. మూడు నాలుగు రోజులు మూత్రం పోసేటప్పుడు మంట ఉంటుంది. అప్పుడే పైనుంచి గోరువెచ్చని నీళ్లు పోసుకుంటే తగ్గుతుంది.

మెలనోసిస్ అని తేలితే తీయించుకోనక్కర్లేదు. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయించి మీ ఫైల్లో ఉంచండి. మొదట ఆరు నెలలకు, తర్వాత ఏడాదికోసారి దాంతో పోల్చి చూస్తే చాలు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: రిపోర్టు రాకముందు ఎవరు చెప్పినా లేజరుతోనో, కరెంటుతోనో, యాసిడ్‌తోనో కాల్పించుకోవద్దు. కాలిపోయిన మచ్చ ఏమిటో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు. లోపల కణాలు మిగిలి మళ్లీ రంగు పైకి వస్తే, ఆ మచ్చ మామూలుదైనా మైక్రోస్కోపు కింద క్యాన్సర్‌లాగే కనిపిస్తుంది.

ప్రశ్న: మా అమ్మకు 67 ఏళ్లు. ముట్లుడిగి పదిహేనేళ్లు దాటింది. మూడు నెలలుగా అప్పుడప్పుడు రక్తం మరకలు కనిపిస్తున్నాయి. మొదట చూసిన డాక్టరు పొర ఎండిపోయిందని క్రీము రాశారు. తర్వాత ఇంకొకరు యోనిలో గులాబీరంగు గడ్డ ఉందని ముక్క తీశారు. రిపోర్టులో ‘మెలనోమా’ అని వచ్చింది. నలుపే లేదు కదా, మెలనోమా ఎలా అవుతుంది? రిపోర్టు తారుమారైందేమో?

జవాబు: రంగులేని మెలనోమాలు ఉంటాయి. బాహ్య జననాంగాల మీద వచ్చే మెలనోమాల్లో దాదాపు నాలుగో వంతుకు రంగు ఉండదు. యోని లోపల వచ్చేవాటిలోనూ అలాంటివి ఉంటాయి. కణం పుట్టుక మెలనోసైట్ నుంచే గానీ, రంగు తయారుచేసే పని మానేసి ఉంటుంది. అందుకే వాటిని పాలిప్ అనో, మూత్రద్వారం దగ్గర వచ్చే ఎర్రటి కండ అనో, మామూలు పుండు అనో పొరబడుతుంటారు.

మొదటిసారి ఎందుకు దొరకలేదో కూడా చెప్పాలి. యోని మెలనోమా ఎక్కువగా కింది మూడో వంతులో, అదీ ముందువైపు గోడ మీద వస్తుంది. పరీక్షకు వాడే స్పెక్యులం రెండు రేకులు సరిగ్గా ముందు, వెనక గోడల మీదే ఆనుతాయి. గర్భాశయ ముఖద్వారం చక్కగా కనిపిస్తుంది, గడ్డ మాత్రం రేకు కింద దాక్కుంటుంది. బయటికి తీసేటప్పుడు మెల్లగా తిప్పుతూ, నాలుగు గోడలనూ చూస్తూ తీస్తేనే బయటపడుతుంది. ముట్లుడిగాక ఒక్క చుక్క రక్తం కనిపించినా ఈ చూపు తప్పనిసరి.

రిపోర్టు మీద అనుమానం తీరాలంటే మళ్లీ ముక్క తీయించనక్కర్లేదు. తీసిన ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు, స్లైడ్లు ఇప్పించుకుని మరో పాథాలజిస్టుకు చూపించండి. అవి అడిగి తీసుకోవచ్చు. ఎస్-100, సాక్స్-10, మెలాన్-ఏ, హెచ్‌ఎంబీ-45 అనే రంజన పరీక్షల్లో, అంటే రంగు వేసి కణం రకాన్ని గుర్తించే పరీక్షల్లో, ఏవి పాజిటివో చూడమనండి. కెరాటిన్ నెగెటివ్‌గా ఉండాలి, లేకపోతే మామూలు కార్సినోమా (పైపొర కణాల క్యాన్సర్) గురించి ఆలోచించాలి. ఆ తర్వాతి మెట్టు, ఇది అక్కడే పుట్టిందా, వేరేచోట నుంచి వచ్చిందా అన్నది. ఒళ్లంతా చర్మం, గోళ్ల కింద, అరికాళ్లు, కంటి లోపల, మలద్వారం చూడాలి. పెట్-సీటీ, కటి భాగానికి ఎమ్మారై, మెదడుకు ఎమ్మారై చేయిస్తారు. ఇవన్నీ చూశాకే ఆపరేషన్ సంగతి.

దాపరికం లేకుండా చెప్పాలంటే ఇది మొండి జబ్బు. పాత లెక్కల్లో ఐదేళ్లు దాటినవాళ్లు ఐదుగురిలో ఒకరు, అటూ ఇటూగా. ఆ లెక్కల్లో చాలావరకు ఇమ్యునోథెరపీ, అంటే రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి రెచ్చగొట్టే మందులు, రాకముందువి. గడ్డను చుట్టూ శుభ్రమైన అంచుతో తీయగలిగితే అదే చేస్తారు. మూత్రాశయం, పురీషనాళంతో సహా తీసేసే మహా శస్త్రచికిత్స వల్ల ఆయుష్షు పెరుగుతుందని రుజువు కాలేదు. వేరే దారి లేనప్పుడే దాని గురించి ఆలోచిస్తారు. అంచు దగ్గరగా వస్తే రేడియేషన్ ఇస్తారు. దాంతో ఆ చోట మళ్లీ రావడం తగ్గుతుంది గానీ, రక్తంలో పాకిన కణాలను అది ఆపలేదు. ఇంకోమాట: అమ్మకు జబ్బు పేరు చెప్పకుండా ఇవన్నీ చేయించడం కుదరదు. ఆ సంతకం ఆవిడదే కదా.

ప్రశ్న: గైనకాలజీ పీజీ చేస్తున్నాను. నల్లమచ్చలకు ముక్క తీసి పంపితే ‘నిర్ధారణకు చాలదు’, ‘పదార్థం స్పష్టంగా లేదు’ అని తిరిగి వస్తోంది. ఎక్కడ తప్పుతున్నాం?

జవాబు: ఎక్కువ తప్పులు ముక్క తీసే ఐదు నిమిషాల్లోనే జరుగుతాయి. మొదటిది, పైపైన గీకి తీయడం. మెలనోమాలో మిల్లీమీటరు భాగాల లెక్కలోనే భవిష్యత్తు తేలుతుంది. అడుగు తెగిపోయిన ముక్కలో లోతు కొలవలేం. మచ్చ చిన్నదైతే చుట్టూ 2 మిల్లీమీటర్ల అంచుతో మొత్తం తీసి పంపడమే ఉత్తమం. పెద్దదైతే, లేదా క్లిటోరిస్, మూత్రద్వారం దగ్గరుంటే పంచ్. పంచ్ పొర మొత్తం మందాన దిగాలి.

రెండోది ఫోర్సెప్స్‌తో నొక్కి పట్టడం. మెలనోసైట్లు నలిగితే కేంద్రకాలు సాగిపోయి గీతల్లా కనిపిస్తాయి, వాటిని ఏమీ చదవలేం. సూది మొనతో ముక్కను పైకి లేపి అడుగున కత్తిరించండి.

మూడోది చాలామందికి తట్టనిది. రక్తం ఆపడానికి మాన్సెల్ ద్రావణం పూస్తాం కదా. అది ఫెర్రిక్ సబ్‌సల్ఫేట్, అంటే ఇనుము. అది కణజాలంలో గోధుమరంగు రేణువులుగా ఉండిపోతుంది. అదే చోట మళ్లీ ముక్క తీస్తే ఆ రేణువులు మెలనిన్‌లా కనబడి దారి తప్పిస్తాయి. సిల్వర్ నైట్రేటు కూడా నల్లటి మరక మిగులుస్తుంది. రంగు మచ్చ దగ్గర ఆ రెండూ పక్కన పెట్టి, ఒత్తి పట్టడంతోనో, ఒక కుట్టుతోనో, అల్యూమినియం క్లోరైడ్‌తోనో సరిపెట్టండి. అప్పటికే వాడి ఉంటే ఆ సంగతి ఫారంలో రాయండి. పెర్ల్స్ రంజనం చేస్తే ఇనుము నీలంగా తేలుతుంది, ఫాంటానా-మేసన్ చేస్తే మెలనిన్ నల్లగా తేలుతుంది. గొడవ అక్కడితో తీరిపోతుంది.

ముక్కను వెంటనే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయండి. ద్రావణం ముక్కకు పది రెట్లు ఉండాలి. సెలైన్‌లో నానబెట్టి సాయంత్రం పంపిన ముక్క సగం పాడైనట్టే. మొత్తం తీసిన ముక్క అయితే గడియారంలో 12 అంకె ఉండే వైపు ఒక దారం కుట్టి, ఏ వైపు దారమో రాయండి. అంచులకు సిరా పూసేటప్పుడు నల్లటి గడ్డకు నల్ల సిరా వద్దు, నీలమో పచ్చో వాడండి.

ఫారంలో ‘నల్లమచ్చ, ముక్క’ అని రెండు మాటలు రాసి పంపితే పాథాలజిస్టు ఏం చేయాలి? వయసు, చోటు, కొలత, ఎన్నాళ్లుగా ఉంది, గర్భిణా, ఇదివరకు ముక్క తీశారా, లైకెన్ స్క్లెరోసస్ (పొర తెల్లగా, పలుచగా మారే జబ్బు) ఉందా అన్నవి కావాలి. ఆఖరిది ఎందుకంటే, లైకెన్ స్క్లెరోసస్ ఉన్న పొర మీద మామూలు పుట్టుమచ్చ పెరిగితే మెలనోమాను అచ్చుగుద్దినట్టు ఉంటుంది, ముఖ్యంగా చిన్నపిల్లల్లో. అలాగే యువతుల్లో జననాంగాల పుట్టుమచ్చలకు ప్రత్యేకమైన విచిత్ర రూపం ఒకటుంది. కణాల గుంపులు పెద్దవిగా, ఒకదానితో ఒకటి అతుక్కోకుండా ఉంటాయి. అది నిరపాయమైనదే గానీ, వయసు తెలియకపోతే ఎక్కువ చేసి రాసే ప్రమాదం ఉంది.

ల్యాబులో రంగు బాగా దట్టంగా ఉంటే కేంద్రకాలు కనిపించవు. పొటాషియం పర్మాంగనేటు, ఆ తర్వాత ఆక్సాలిక్ ఆమ్లంతో మెలనిన్‌ను వెలిసిపోయేలా చేసి మళ్లీ చూడాలి. రంజన పరీక్షల్లో మామూలుగా వచ్చేది గోధుమరంగు. గోధుమ మెలనిన్ మీద గోధుమ రంజనం ఎలా కనిపిస్తుంది? అందుకే ఎర్రటి క్రోమోజెన్ (రంగునిచ్చే పదార్థం) వాడమని అడగండి. మెలనోమా అని తేలితే రిపోర్టులో మందం, పుండు ఉందా లేదా, చదరపు మిల్లీమీటరుకు ఎన్ని కణ విభజనలు, రక్తనాళాల్లో చొరబాటు, పక్కనే ఉపగ్రహ గడ్డలు, పక్క అంచు, అడుగు అంచు ఎంత దూరం అన్నవి తప్పక ఉండాలి. బ్రెస్లో మందం, అంటే గడ్డ దిగిన లోతు, పైపొరలోని గ్రాన్యులర్ పొర పైనుంచి అత్యంత లోతున ఉన్న కణందాకా కొలుస్తారు, ఒక దశాంశం వరకే రాస్తారు. చిన్న పెదవి లోపలివైపు గ్రాన్యులర్ పొర ఉండదు కాబట్టి పైపొర ఉపరితలం నుంచి కొలవాలి. పుండు పడితే పుండు అడుగు నుంచి.

ప్రశ్న: గర్భసంచిలో కంతులున్నాయని ఆపరేషన్ చేసి తీసేశారు. రిపోర్టు చివర ‘ఎండోసర్విక్స్‌లో బ్లూ నీవస్’ అని ఉంది. కంతుల గురించి అంతా చెప్పారు, దీని గురించి ఎవరూ చెప్పలేదు.

జవాబు: చెప్పాల్సింది పెద్దగా లేదు కాబట్టి చెప్పి ఉండరు. గర్భాశయ ముఖద్వారం లోపలి కాలువ గోడలో, ఎక్కువగా వెనకవైపు, కొన్ని మిల్లీమీటర్ల నీలి నల్లటి చుక్క అది. గ్రంథుల కింది పొరలో కొమ్మల్లా చాచిన మెలనోసైట్లు చేరి ఉంటాయి. రంగు లోతుగా ఉండటం వల్ల నీలంగా కనిపిస్తుంది. వేరే కారణానికి తీసిన గర్భసంచుల్లోనే దాదాపు ఎప్పుడూ బయటపడుతుంది. నిరపాయం. తీసేశారు కూడా. ఇక మందులు, స్కానింగులు ఏమీ అక్కర్లేదు.

అదే చోట నిజమైన మెలనోమా చాలా అరుదు. ఇది ఇక్కడే పుట్టిందని రాయడానికి నోరిస్, టేలర్ 1966లో చెప్పిన నియమాలను ఇప్పటికీ వాడుతున్నారు. ముఖద్వారం మామూలు పొరలో మెలనిన్ ఉండాలి, పైపొర అంచున మొదలైన మార్పు కనిపించాలి, ఒంట్లో ఇంకెక్కడా మెలనోమా ఉండకూడదు, పాకితే ముఖద్వారం క్యాన్సర్ పాకే దారిలోనే పాకాలి.

ప్రశ్న: పాప్ స్మియర్ ప్రతి మూడేళ్లకూ చేయించుకుంటాను. మా అమ్మాయికి హెచ్‌పీవీ టీకా వేయించాం. వీటి వల్ల మెలనోమా నుంచి కూడా రక్షణ ఉంటుందా?

జవాబు: ఉండదు. మెలనోమాకు హెచ్‌పీవీ వైరస్ కారణం కాదు, గర్భాశయ ముఖద్వారం కణాలను చూసే పాప్ స్మియర్ దానికోసం చేసే పరీక్ష కాదు. ఎండ తగలని చోటు కాబట్టి ఎండ క్రీములతోనూ పని లేదు. హెచ్‌పీవీ వల్ల బాహ్య జననాంగాల మీద వచ్చే క్యాన్సర్ ముందు దశ మచ్చలు మాత్రం కొన్నిసార్లు గోధుమ నలుపుగా, కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి. వాటిని ఆ టీకా చాలావరకు ఆపుతుంది.

ప్రశ్న: వయసు 28. అండాశయంలో డెర్మాయిడ్ గడ్డకు కెమెరా ఆపరేషన్ చేశారు. లోపల పొర మీద చాలాచోట్ల నల్లటి మచ్చలున్నాయని ముక్కలు పంపారు. మెలనోమా పాకిందేమోనని ఒక డాక్టరు, ఎండోమెట్రియోసిస్ అని ఒకరు అన్నారు. రిపోర్టు ఇంకా రాలేదు.

జవాబు: మీ విషయంలో మూడో కారణం కూడా ఉంది. మేమైతే దానివైపే ముందు చూస్తాం. డెర్మాయిడ్ గడ్డలో చర్మం, వెంట్రుకలు, కొవ్వు, పళ్లు ఉంటాయి. కంటిపొరను పోలిన నల్లటి కణజాలం కూడా ఉండవచ్చు. డెర్మాయిడ్ ఉన్న కొందరిలో కడుపు లోపలి పొర మీద నల్లటి చుక్కలు పడతాయి. దాన్ని పెరిటోనియల్ మెలనోసిస్ అంటారు. చూసేవాళ్ల గుండె గుభేల్మంటుంది గానీ, మైక్రోస్కోపు కింద చూస్తే మెలనిన్ మింగిన మామూలు మాక్రోఫేజ్ (చెత్తను మింగి శుభ్రం చేసే) కణాలే కనిపిస్తాయి. చికిత్స అక్కర్లేదు. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం) అయితే నల్లదనం పాత రక్తంలోని ఇనుముది. పెర్ల్స్ రంజనంతో నీలంగా మారుతుంది, పక్కనే గర్భసంచి పొరను పోలిన గ్రంథులు ఉంటాయి.

డెర్మాయిడ్‌లో క్యాన్సర్ పుట్టడం నూటికి ఒకటి రెండు. అవి కూడా ఎక్కువగా స్క్వామస్ కార్సినోమాలు, ముట్లుడిగినవాళ్లలో. మెలనోమా మరీ అరుదు. అండాశయంలో మెలనోమా కనిపిస్తే, ఒంటి మీది గడ్డ నుంచి వచ్చి చేరిందనుకోవడమే ముందు సరైనది. ఎన్నో ఏళ్ల కింద తీయించుకున్న పుట్టుమచ్చ కూడా దానికి మూలం కావచ్చు. అలాంటిది ఉంటే, మీకు ఎంత చిన్న విషయంగా అనిపించినా, ఆ పాత రిపోర్టు డాక్టరు ముందు పెట్టండి. డెర్మాయిడ్‌లోనే పుట్టిందని నమ్మాలంటే డెర్మాయిడ్ చర్మపు పొర నుంచి మెలనోమా మొదలైన చోటు కళ్లకు కనబడాలి. గడ్డ గోడ నుంచి, ముఖ్యంగా గట్టిగా మందంగా ఉన్న చోట్ల నుంచి, ఎక్కువ ముక్కలు తీసి చూడమని ల్యాబును అడగండి.

ప్రశ్న: మా పద్నాలుగేళ్ల అమ్మాయికి పెదవుల మీద, నోట్లో చిన్న నల్లచుక్కలున్నాయి. ఇప్పుడు కింద కూడా ఉన్నాయంటోంది. ముక్క తీయించాలా?

జవాబు: ముక్క కన్నా ముందు మీ ఇంటి ఆరోగ్య చరిత్ర కావాలి. నోటి చుట్టూ చుక్కలు, కడుపునొప్పులు, రక్తహీనత, పేగుల్లో పాలిప్‌లు ఉంటే ప్యూట్జ్-జెఘర్స్ సిండ్రోమ్. ఎస్టీకే11 జన్యువులో లోపం వల్ల వస్తుంది. ఆ చుక్కలు క్యాన్సర్‌గా మారవు. కానీ ఆ జన్యువున్నవాళ్లకు అండాశయంలో ఒకరకం గడ్డలు, గర్భాశయ ముఖద్వారంలో జిగురు కార్చే అరుదైన క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువ. జీవితాంతం గమనిస్తూ ఉండాలి. పెదవులు, కనుకొలకులు, యోని పొర మీద చుక్కలతో పాటు ఇంట్లో ఎవరికైనా గుండెలో మిక్సోమా గడ్డ వచ్చి ఉంటే కార్నీ కాంప్లెక్స్ అనే జన్యు జబ్బును అనుమానించాలి. అప్పుడు గుండెకు ఎకో చేయించాలి. అది ముక్క పరీక్ష కన్నా ఎక్కువ అవసరం. ఏమీ లేకుండా ఒట్టి చుక్కలే ఉంటే, నిరపాయమైన లాజియె-హన్‌జికర్ పరిస్థితి కావచ్చు. అది ఎక్కువగా పెద్దవాళ్లలోనే కనిపిస్తుంది. అమ్మాయిని ముందు జన్యు వైద్యులకు చూపించండి.

ప్రశ్న: ఆరో నెల గర్భిణిని. ఆ ప్రాంతమంతా నల్లబడింది, పుట్టుమచ్చ కూడా పెద్దదైనట్టుంది. కాన్పయ్యాక చూపించుకోవచ్చా?

జవాబు: రెండువైపులా సమానంగా, అంచు లేకుండా నల్లబడటం గర్భంలో మామూలే. కాన్పయ్యాక తగ్గుతుంది. పుట్టుమచ్చ ఒక్కటే ఒకవైపు మారుతుంటే ‘గర్భం వల్లేలే’ అని వదిలేయకూడదు. లిగ్నోకైన్‌తో మత్తిచ్చి ముక్క తీయడం గర్భిణులకు క్షేమమే. మెలనోమా తేలితే ఆపరేషన్ కూడా ఆగదు. తల్లి నుంచి మాయకు పాకే క్యాన్సర్లు చాలా అరుదు. వాటిలో ఎక్కువగా కనిపించేది మెలనోమాయే. కాబట్టి అలాంటివాళ్ల మాయను కాన్పయ్యాక పారేయకుండా పరీక్షకు పంపాలి, బిడ్డను పిల్లల డాక్టరు చూస్తూ ఉండాలి.

ప్రశ్న: నా భార్యకు 58 ఏళ్లు. పెద్ద పెదవి మీద మెలనోమా, బ్రెస్లో మందం 2.6 మిల్లీమీటర్లు, పుండు లేదు. డాక్టరుగారు చుట్టూ 2 సెంటీమీటర్లు తీసి, గజ్జలో ‘సెంటినెల్’ బిళ్ల చూస్తామన్నారు. మొత్తం తీసేస్తే మంచిది కదా? అంత ప్రమాదమైన జబ్బుకు ఇంత చిన్న ఆపరేషనా?

జవాబు: మీ డాక్టరుగారు చెప్పింది సరైనది. ఒకప్పుడు మొత్తం బాహ్య జననాంగాన్ని, రెండు గజ్జల బిళ్లలనూ (లింఫు గ్రంథులు) తీసేసేవారు. గాయం మానక, కాళ్లు వాచి, కూర్చోలేక స్త్రీలు నరకం చూసేవారు. అంత చేసినా ఆయుష్షు పెరగలేదు. ఈ జబ్బు ప్రాణం తీసేది దూరం పాకడం వల్ల. శుభ్రమైన అంచు దొరికాక ఇంకా వెడల్పుగా కోస్తే దానికి అడ్డుకట్ట పడదు.

అంచు లెక్క మందాన్ని బట్టి ఉంటుంది. పైపొర దాటనిదైతే అర నుంచి ఒక సెంటీమీటరు, 1 మిల్లీమీటరు లోపైతే 1 సెంటీమీటరు, ఒకటి రెండు మధ్యైతే ఒకటి నుంచి రెండు, 2 దాటితే 2 సెంటీమీటర్లు. ఇవి చర్మం మెలనోమా నుంచి అరువు తెచ్చుకున్న కొలతలు. క్లిటోరిస్, మూత్రద్వారం, మలద్వారం అడ్డొస్తే డాక్టరు తగ్గించుకోవాల్సి వస్తుంది. అడుగువైపు మాత్రం కండరాన్ని కప్పే పొర దాకా వెళ్లాలి. దశ కూడా చర్మం మెలనోమా పద్ధతిలోనే లెక్కిస్తారు. మీ భార్య విషయంలో, మందాన్నీ పుండునూ బట్టి, అది టీ3ఏ. పుండు ఉండి ఉంటే టీ3బీ. గైనిక్ క్యాన్సర్లకు వాడే ఫిగో దశలు ఇక్కడ పనికిరావు. మీ కాగితాల్లో అది ఉంటే అడిగి సరిచేయించుకోండి.

సెంటినెల్ బిళ్ల అంటే గడ్డ నుంచి బయల్దేరిన కణం మొదట ఆగే బిళ్ల. ఆపరేషన్‌కు ముందు గడ్డ చుట్టూ కొద్దిగా రేడియోధార్మిక టెక్నీషియం, కొన్నిసార్లు నీలిరంగు ఎక్కించి, ఏ బిళ్ల పట్టుకుంటే దాన్నే తీసి చూస్తారు. ఇక్కడ ఒకటి అడగండి: గడ్డ మధ్యగీతకు ఎంత దూరంలో ఉంది? క్లిటోరిస్ దగ్గర, మధ్యగీత దగ్గర ఉన్నవి రెండు గజ్జల్లోకీ దారి తీస్తాయి. అప్పుడు ఒకవైపే చూస్తే చాలదు. గడ్డ తీసేశాక వారాల తర్వాత ఈ పరీక్ష చేస్తే దారులు మారిపోయి తప్పు బిళ్ల దొరకవచ్చు. రెండూ ఒకే పూట జరగాలి.

సెంటినెల్‌లో కణాలు కనిపిస్తే గజ్జ మొత్తం ఖాళీ చేయాలా? 2017లో వెలువడిన ఎంఎస్‌ఎల్‌టీ-2 అనే పెద్ద అధ్యయనంలో చర్మం మెలనోమా రోగులకు అలా చేసినా మరణాలు తగ్గలేదు. కాలో చెయ్యో వాయడం మాత్రం 6 శాతం నుంచి 24 శాతానికి పెరిగింది. అందుకే ఇప్పుడు చాలావరకు స్కానింగుతో గమనిస్తూ, మందుల వైపు వెళ్తున్నారు.

మందుల మాటకొస్తే, ఆ గడ్డ ముక్కపై కిట్, బీరాఫ్, ఎన్‌రాస్ జన్యు పరీక్షలు చేయించండి. ఒంటి మీది మెలనోమాల్లో సగానికి బీరాఫ్ మార్పు ఉంటుంది. ఇక్కడ అది తక్కువ, కిట్ మార్పు ఎక్కువ. కిట్ మార్పు ఉండి జబ్బు పాకితే ఇమాటినిబ్ మాత్రలు కొందరికి పనిచేస్తాయి. అసలు బలం పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ వంటి ఇమ్యునోథెరపీది. అయితే పలుచని పొరల్లో పుట్టిన మెలనోమాల మీద దాని దెబ్బ కొంచెం తక్కువ. 2017లో వచ్చిన ఒక విశ్లేషణలో నివోలుమాబ్ ఒక్కటే ఇస్తే చర్మం మెలనోమాలో 41 శాతం మందికి గడ్డ తగ్గితే, పొరల మెలనోమాలో 23 శాతం మందికి తగ్గింది. ఇపిలిముమాబ్ అనే మరో ఇమ్యునోథెరపీ మందు జోడిస్తే అవి 60, 37 శాతం. జోడింపుతో దుష్ఫలితాలు కూడా బాగా పెరుగుతాయి. ఈ మందులు పడ్డాక రోజుకు నాలుగైదు విరేచనాలు, కొత్త దగ్గు, ఆయాసం, విపరీతమైన నీరసం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే విరేచనాలు ఆగే మాత్ర వేసి ఇంట్లో ఉంచకండి. అది మందు రెచ్చగొట్టిన రోగనిరోధక శక్తి సొంత అవయవాల మీద పడటం. వేళకు స్టెరాయిడ్ ఇస్తే లొంగుతుంది, ఆలస్యమైతే పేగుకు రంధ్రం పడే దాకా పోతుంది.

ప్రశ్న: మా అక్కకు గర్భసంచి గోడలో గడ్డ. హెచ్‌ఎంబీ-45 పాజిటివ్ కాబట్టి మెలనోమా అని ఒక ల్యాబు, ‘పీకోమా’ అని ఇంకో ల్యాబు రాశాయి. రెండూ ఒకటేనా?

జవాబు: ఒకటి కావు, మందులు కూడా వేరు. పీకోమా రక్తనాళాల చుట్టూ ఉండే ఒకరకం కణాలను పోలిన గడ్డ. అది హెచ్‌ఎంబీ-45, మెలాన్-ఏ రెండింటికీ పాజిటివ్ కావచ్చు. టీఎఫ్‌ఈ3 జన్యు మార్పుతో వచ్చే రకంలో నిజంగా మెలనిన్ కూడా ఉండవచ్చు. తేల్చేది సాక్స్-10. మెలనోమాలో పాజిటివ్, పీకోమాలో నెగెటివ్. పీకోమాలో స్మూత్ మజిల్ యాక్టిన్ తరచూ పాజిటివ్ అవుతుంది. ఈ రెండు రంజనాలు, టీఎఫ్‌ఈ3 చేయించమని అడగండి. అదే బ్లాకు మీద చేయవచ్చు.

పీకోమా అయితే 5 సెంటీమీటర్లు దాటిందా, కణాలు చచ్చిపడ్డ చోట్లు, ఎక్కువ విభజనలు, రక్తనాళాల్లో చొరబాటు ఉన్నాయా అన్నదాన్ని బట్టి అది చెడ్డదో కాదో చెబుతారు. పాకినవాటికి సిరోలిమస్ కుటుంబం మందులు వాడతారు. అల్బుమిన్‌తో కలిపిన సిరోలిమస్ సూదికి అమెరికా ఎఫ్‌డీఏ 2021లో అనుమతి ఇచ్చింది. టీఎఫ్‌ఈ3 రకంలో ఈ మందులు అంతగా పనిచేయకపోవచ్చు, అందుకే ఆ పరీక్ష ముందే కావాలి. మీ అక్కకు చిన్నప్పుడు మూర్ఛలు, ముఖం మీద ముక్కు పక్కన ఎర్రటి బుడిపెలు, కిడ్నీలో కొవ్వు గడ్డలు ఉన్నాయేమో కూడా చెప్పండి. అవి ఉంటే ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు జబ్బు ఉన్నట్టు. అప్పుడు పిల్లలను కూడా పరీక్షించాలి.